సేకరించినవారు

తెల్లారగట్ట నాలుగున్నరకి ఫిషింగ్ హార్బర్లో
ఐసు మర తప్ప ఇంకెవరూ నోరు విప్పరు.
స్టీలు క్యారేజీ పట్టుకుని నిలబడతాను.
అందులో అన్నం ఉండదు, ఫార్మలిన్ ఉంటుంది.
యూనివర్సిటీ జంతుశాస్త్ర మ్యూజియంలో
సీసాలు తుడిచే ఉద్యోగం, పందొమ్మిదేళ్ళుగా.

సూరాడ నూకరత్నం గంప దించుతుంది.
కూరకి రానివీ బేరానికి రానివీ
ఓ పక్కకి తోసి ఉంచుతుంది నాకోసం.
ఉబ్బి ముళ్ళబంతైన చేప,
తోక తెగిన టేకు పిల్ల,
రెండు కళ్ళూ ఒకే చెంపకి వలస వచ్చినదొకటి.
"మీ బళ్ళో పిల్లలు ఈటినే సదువుతారేటి?"

నిరుడు వానల్లో మ్యూజియం కారింది.
తడిసిన బీరువా ఖాళీ చేస్తూ పేరి మేడం
ఎప్పటిదో పుస్తకం నకలు కాగితాలు
ఫ్యాను కింద ఆరబెట్టారు, సొర దవడ బరువు పెట్టి.
నాలుగువందల యాభై ఏళ్ళ కిందట
ఏదో చలిదేశంలో ఒక వైద్యుడు
రోగుల్ని వరండాలో కూచోబెట్టి
చేపల బజారుకి పోయేవాడట.

అంతకుముందు పుస్తకాల్లో ప్రతి జంతువూ ఒక నీతి.
నక్కంటే మోసం, పావురమంటే భక్తి,
తిమింగిలమంటే నోరు తెరిచిన నరకం.
ఈయన నక్కని నక్కగా ఉండనిచ్చాడు.
పళ్ళు లెక్కపెట్టాడు.
కడుపు కోసి, రాత్రి అది ఏం తిన్నదో రాశాడు.
మొప్ప పక్క మచ్చ అచ్చులో కుడికి మారిపోతుందని
చెక్క మీద బొమ్మ చెక్కేవాడితో పోట్లాడాడు.

అయినా ఒక పేజీలో
సన్యాసి ముసుగేసుకున్న చేప ఉంది, పొలుసుల అంగీతో సహా.
నాకు నవ్వొచ్చింది. మేడం నవ్వలేదు.
బొమ్మ కింద చీమలంత అక్షరాలు చదివి వినిపించారు:
ఇది నేను చూడలేదు. ఒక నావికుడు చెప్పాడు.
అతను అబద్ధమాడే మనిషిలా లేడు.
అయినా, నేను చూడలేదు.

ఆ మాట బస్సెక్కి నాతో ఇంటిదాకా వచ్చింది.
కిటికీలోంచి డాల్ఫిన్ నోస్ కనబడుతోంది.
పేరు పెట్టినవాడు ముందు ఏది చూశాడో,
కొండనో, డాల్ఫిన్ ముక్కునో.
నాకు తెలుసనుకున్నవాటిలో
చూసినవి ఒక గంపకి సరిపోతాయా?

మర్నాడు నూకరత్నానికి చెప్పాను.
కవళ్ళు ఎంచుతూ తలెత్తకుండా అడిగింది,
"మరి ఆ బాబుకి సేపల పేర్లు ఎవుళు సెప్పినారు?"
బజార్లో అమ్మేవాళ్ళు.
"ఆళ్ళ పేర్లు రాసినాడా?"

కాగితాలన్నీ తిరగేశాను.
ఒక్కో చేపకి నాలుగు భాషల్లో పేర్లున్నాయి.
చెప్పినవాళ్ళకి మాత్రం,
ఒక జాలరి. రేవులో ఒకడు. ఎవరో ముసలమ్మ.

ఆయన్ని ఏమనను?
మా రిజిస్టరు తెరిచాను.
జాతి, తేదీ, స్థలం, సేకరించినవారు.
చివరి గడి నిండా
హార్బరు గేటు దగ్గరే ముక్కు మూసుకునేవాళ్ళు.
నేనూ లేను. అది వేరే సంగతి.

సోమవారం కొత్త సీసాకి లేబుల్ రాశాను.
పెన్సిల్‌తోనే రాయాలి, సిరా అయితే లోపల కరిగిపోతుంది.
సేకరించినవారు: సూరాడ నూకరత్నం, జాలారిపేట.
మేడం కళ్ళద్దాలు పైకి తోసి చూశారు,
ఏమీ అనకుండా మూత బిగించబోయారు.
ఆగమని, సీసా సంచిలో పెట్టుకుని హార్బరుకి తీసుకెళ్ళి
ఆమెకి చదివి వినిపించాను.

"తప్పు రాసినావు" అంది.
"సూరాడోళ్ళు మా కన్నోరు. నాను మైలపల్లి."
పందొమ్మిదేళ్ళు.
అక్కడే ఐసు పెట్టె మీద కూచుని
రబ్బరుతో చెరిపి, మళ్ళీ రాశాను.

అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది,
మొగలో ఓ చేప ఉందట,
పున్నమికి పైకొచ్చి పసిపిల్లలా దగ్గుతుందట.
నువ్వు చూశావా?
"మా అత్త సూసింది."
అబద్ధమాడే మనిషి కాదు.
లేబుల్ వెనక్కి తిప్పి, తేదీ వేసి,
విన్నది, అని రాసుకున్నాను.